ఉప్పునీటి తొట్టిలో నాచు: నాలుగు పక్షాల వాదన, హైదరాబాదు నీళ్ల సంగతి

అమీర్‌పేట నుంచి సముద్రం చూడాలంటే సూర్యలంక తీరం దాకా వెళ్లాలి. మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా నగరం నడిబొడ్డున, అమీర్‌పేట, పంజాగుట్ట లాంటి చోట్ల మూడో అంతస్తు ఫ్లాట్‌లో కూడా ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవడం ఇవాళ సాధ్యమే. ఉప్పు సంచిలో వస్తుంది. మంచినీళ్లు ఆర్‌ఓ మిషన్ ఇస్తుంది. అలల పని వేవ్‌మేకర్ చూసుకుంటుంది. డబ్బు పెట్టినా దొరకనిది ఒకటుంది. సముద్రంలో నాచునీ సూక్ష్మజీవుల్నీ అదుపులో పెట్టే వేలాది ప్రాణుల సమతూకం అది.

అది లేకపోబట్టే కొత్త తొట్టి కథ దాదాపు ప్రతి ఇంట్లో ఒకే తీరుగా నడుస్తుంది. రెండు మూడు వారాల్లో అద్దం మీద గోధుమరంగు దుమ్ము పడుతుంది. తర్వాత రాళ్ల మీద పచ్చటి వెంట్రుకల్లాంటి నాచు మొలుస్తుంది. ఆ తర్వాత ఇసుక మీద ఎర్రటి పాచి పరుచుకుంటుంది. ఎవర్ని అడిగినా సలహా సిద్ధంగా ఉంటుంది. ఫీడ్ తగ్గించమని ఒకరు, నత్తలు వేయమని ఇంకొకరు, మూడు రోజులు లైట్లు ఆర్పమని మరొకరు. సీసాలో అమ్మే బ్యాక్టీరియా పోయమనేవాళ్లున్నారు, ఎరిత్రోమైసిన్ మాత్ర కలిపితే రెండు రోజుల్లో పోతుందనేవాళ్లూ ఉన్నారు. ఈ సలహాలన్నీ ఎవరో ఒకరి తొట్టిలో పనిచేసినవే. వాదన చిక్కుపడింది కూడా అక్కడే. ఒక జీవి మీద పనిచేసిన ఉపాయాన్ని ప్రతి జీవికీ వాడమనడంతోనే సగం గొడవ పుట్టింది. మిగతా సగాన్ని తేల్చాలంటే ఈ అరవై ఏళ్లలో ఎవరు ఏ ఆధారంతో ఏం చెప్పారో వరుసగా చూడాలి.

పిలుపు ఒకటే, జీవులు వేరు

గోధుమరంగు దుమ్ము డయాటమ్‌ల పని. ఇవి సిలికాతో గాజులాంటి పెంకు కట్టుకునే ఏకకణ జీవులు. నీళ్లలో సిలికా ఉన్నంతకాలం పెరుగుతాయి, అయిపోగానే తగ్గుతాయి. వేలితో తుడిస్తే అద్దం మీంచి ఊడి వస్తాయి. కొత్త తొట్టిలో వీటికి భయపడాల్సిన పని లేదు.

పచ్చటి వెంట్రుకలు అసలైన నాచు. ఇందులో డెర్బీసియా, క్లాడోఫొరా, బ్రయాప్సిస్ అనే రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. బ్రయాప్సిస్‌ను దాని ఈకలాంటి కొమ్మల్ని బట్టి గుర్తుపట్టవచ్చు. ఇది మొండిది, పీకితే ముక్క ముక్కా మళ్లీ మొలుస్తుంది.

ఎర్రపాచి నాచు కాదు, సయనోబ్యాక్టీరియా. సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియా ఇది. ఫైకోఎరిత్రిన్ అనే వర్ణకం వల్ల ఎర్రగా కనిపిస్తుంది. గొట్టంతో పీలిస్తే పొరపొరగా లేచి వస్తుంది, అడుగున గాలి బుడగలుంటాయి, వాసన కూడా వేస్తుంది. వీటిలో కొన్ని రకాలు నీళ్లలో కరిగిన నత్రజని వాయువునే వాడుకోగలవు. నైట్రేటు సున్నా చేసినంత మాత్రాన అవి ఆకలితో పోవు.

డైనోఫ్లాజెల్లేట్లు, క్లుప్తంగా డైనోలు, వీటన్నిటికన్నా కష్టం. జిగురు తీగల్లా వేలాడతాయి, కొసల్లో బుడగలు పట్టి ఉంటాయి. రాత్రికి పలచబడి, లైటు వేశాక మధ్యాహ్నానికి మళ్లీ దట్టమవుతాయి. నత్తలు ఒక్కొక్కటే చచ్చిపోతుంటే ముందు వీటినే అనుమానించాలి.

గుర్తుపట్టడానికి ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. పాచి ముక్కను చిన్న సీసాలో తొట్టి నీళ్లతో వేసి గట్టిగా కుదపాలి. ఆ నీళ్లను కాఫీ ఫిల్టర్ కాగితంలోంచి వడకట్టి, దిగిన నీటిని ఒక గంట లైటు కింద ఉంచాలి. కణాలు మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుని తీగలు కడితే అవి డైనోలే. నాచైతే కాగితం మీదే ఆగిపోతుంది. నాలుగు వందల రెట్లు పెద్దది చేసి చూపే మామూలు మైక్రోస్కోపు ఉంటే రకం కూడా తెలుస్తుంది. ఆస్ట్రియాప్సిస్ నువ్వుగింజ ఆకారంలో ఉండి ఒకచోటే గిరగిరా తిరుగుతుంది. యాంఫిడినియం కోడిగుడ్డు ఆకారంలో ఇసుకలో పాకుతుంది. ఈ తేడా చికిత్సనే మార్చేస్తుంది, ఆ సంగతి తర్వాత. ఆస్ట్రియాప్సిస్‌లో పాలీటాక్సిన్ జాతి విషం ఉంటుంది. 2005లో ఇటలీలోని జెనోవా తీరంలో అది విపరీతంగా పెరిగినప్పుడు తుంపర పీల్చిన సుమారు 200 మంది జ్వరం, దగ్గు, ఆయాసంతో చికిత్స తీసుకున్నారు. అందుకే ఆ రాళ్లను బయటికి తీసి బ్రష్‌తో రుద్దడం, వేడినీళ్లు పోయడం చేయకూడదు.

ఇక అయిదోది, రాత్రికి రాత్రి నీళ్లు పాలలా తెల్లబడటం. అది నీళ్లలో తేలే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల. దీనివల్ల కంటికి ఇబ్బంది తక్కువ, చేపకు ప్రమాదం ఎక్కువ. ఆ బ్యాక్టీరియా ఆక్సిజన్ మొత్తం లాగేస్తుంది.

అరవై ఏళ్ల వెనక్కి

ఇళ్లలో సముద్రపు తొట్టి నడపడంలో తొలి మలుపు 1961లో వచ్చింది. ఇండొనేసియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఫిల్టర్లేవీ లేకుండా, దిబ్బల నుంచి తెచ్చిన రాళ్లు, సన్నటి గాలి బుడగలు, ఎండ వెలుతురు మాత్రమే వాడి చేపల్నీ పగడాల్నీ బతికించాడు. రాళ్ల మీద ఉన్న జీవజాలమే నీటిని శుభ్రం చేస్తుందన్నది ఆయన చూపించిన సంగతి.

ఆ తర్వాత దారులు చీలాయి. అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ 1980లో మ్యూజియంలో పగడపు దిబ్బ నమూనా నెలకొల్పాడు. నాచుకు తొట్టి బయట ఒక జాలీ మీద మంచి వెలుతురు ఇచ్చి పెంచి, దాన్ని కోసి పారేస్తే లోపలి నీళ్లు శుభ్రపడతాయన్నది ఆయన పద్ధతి. జర్మనీలో పీటర్ విల్కెన్స్ తరం వాళ్లు బెర్లిన్ పద్ధతిని పెంచారు. దానికి మూలాధారాలు సముద్రం నుంచి జీవజాలంతో సహా తీసిన లైవ్ రాక్, బలమైన లైటు, వ్యర్థాల్ని నురగలో పట్టి తీసే ప్రొటీన్ స్కిమ్మర్. మొనాకోలో జాన్ జొబేర్ ఇసుక పొర కిందే ఆక్సిజన్ లేని చోటు కల్పించి నైట్రేటును వాయువుగా పంపేశాడు. మూడు దారులూ ఒక విషయంలో మాత్రం కలిశాయి. పోషకాలు తగ్గితే నాచు తగ్గుతుందని ముగ్గురూ నమ్మారు.

ఆ నమ్మకానికి గట్టి ఆధారం మంచినీటి చెరువుల నుంచి వచ్చింది. కెనడాలో డేవిడ్ షిండ్లర్ 1973లో 226వ నంబరు చెరువును తెరతో రెండు భాగాలు చేయించాడు. ఒక వైపు కార్బన్, నత్రజని వేశాడు. రెండో వైపు వాటితోపాటు ఫాస్ఫరస్ కూడా వేశాడు. ఫాస్ఫరస్ వేసిన సగం ఆకుపచ్చగా మారిపోయింది. ఆకాశం నుంచి తీసిన ఆ ఫోటో డిటర్జెంట్లలో ఫాస్ఫేటు మీద ఆంక్షలకు బలమైన వాదన అయింది. అక్వేరియం లోకానికి ఫాస్ఫేటు శత్రువుగా కనిపించింది కూడా ఆ వాతావరణంలోనే.

ఆకలి పక్షం

ఈ పక్షం వాదన సూటిగా ఉంటుంది. ఫీడ్ తగ్గించాలి, స్కిమ్మర్ పెద్దది పెట్టాలి, వారం వారం నీళ్లు మార్చాలి, ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలతో ఫాస్ఫేటును పట్టేయాలి. నైట్రేటు, ఫాస్ఫేటు సున్నాకు దగ్గరైతే నాచు దానంతటదే పోతుందంటారు. చేపలు ఎక్కువై, ఫీడ్ ఎక్కువై నిండా పచ్చబడ్డ తొట్టికి ఇది ఇప్పటికీ సరైన మొదటి అడుగు. ఆ మేరకు దీన్ని తప్పుపట్టడానికి లేదు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. టెస్ట్ కిట్ సున్నా చూపిస్తున్నా రాళ్లనిండా నాచు ఉండటం చాలామందిని అయోమయంలో పడేస్తుంది. కిట్ కొలిచేది నీళ్లలో మిగిలిన ఫాస్ఫేటును మాత్రమే. నాచు పీల్చేసుకున్నది దానికి కనిపించదు. పైగా కాల్షియం కార్బొనేటు రాళ్లు ఫాస్ఫేటును పట్టుకుని దాచుకుంటాయి, నీళ్లలో తగ్గగానే మెల్లగా వదులుతాయి. పంజాగుట్ట పక్కనే ఉన్న హుస్సేన్‌సాగర్‌ది కూడా ఇదే ఇబ్బంది. నాలాల నుంచి మురుగు రావడం ఆగినా, దశాబ్దాలుగా అడుగున పేరుకున్న బురద పోషకాల్ని పైకి వదులుతూనే ఉంటుంది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. సముద్రంలో తేలే సూక్ష్మ నాచులో కార్బన్, నత్రజని, ఫాస్ఫరస్ సగటున 106:16:1 నిష్పత్తిలో ఉంటాయని ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ పరిశోధన చెప్పింది. రాళ్లను పట్టుకుని పెరిగే సముద్రపు నాచుల్లో ఆ నిష్పత్తి సుమారు 550:30:1 అని 1983లో అట్కిన్సన్, స్మిత్ తేల్చారు. అంటే అంతే ఒళ్లు పెంచుకోవడానికి రాతి నాచుకు దాదాపు అయిదో వంతు ఫాస్ఫరస్ చాలు. షిండ్లర్ చెరువులో పెరిగింది నీళ్లలో తేలే నాచు. తొట్టిలో తలనొప్పి రాళ్ల మీది నాచుతో. చెరువు పాఠాన్ని మార్చకుండా తొట్టికి వర్తింపజేయడం ఇక్కడే దెబ్బతింది.

మూడోది, ఆకలి ముందు తగిలేది పగడాలకే. పగడాల ఒంట్లో ఉండే సహజీవి నాచుకు కూడా నత్రజని, ఫాస్ఫరస్ కావాలి. నత్రజని ఉండి ఫాస్ఫరస్ కరువైతే పగడాలు వేడికి, వెలుతురుకు త్వరగా తెల్లబారతాయని 2013లో సౌతాంప్టన్‌కు చెందిన వీడెన్‌మన్ బృందం చూపించింది. ఇటు నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నా అయిన తొట్లలో పోటీ జీవులన్నీ మాడిపోయి డైనోఫ్లాజెల్లేట్లు రాజ్యమేలడం ఈ పదిహేనేళ్లలో పెంపకందార్లు పదే పదే చూశారు. అందుకే ఒకప్పుడు సున్నా కోరినవాళ్లే ఇవాళ నైట్రేటు 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేటు 0.03 పీపీఎం పైన ఉండనీయమంటున్నారు. ఈ మార్పు వాదనలో ఓటమి కింద లెక్క కాదు. ఆకలి పక్షం తన హద్దు తాను గుర్తించింది.

మేత పక్షం

సముద్రంలో నాచు ఎక్కువ కనిపించకపోవడానికి కారణం అది పెరగకపోవడం కాదని, పెరిగినదాన్ని పెరిగినట్టే మేసేవి ఉండటమని ఈ పక్షం అంటుంది. దీనికి కరీబియన్ సముద్రమే సాక్ష్యం. 1983, 84లలో అక్కడ డయడెమా అనే నల్ల ముళ్ల అర్చిన్లు తెలియని రోగంతో నూటికి తొంభైకి పైగా చనిపోయాయి. జమైకా దిబ్బల మీద 1977లో 52 శాతం ఉన్న పగడాల పరపు 1993కు 3 శాతానికి పడిపోయిందని, నాచు 4 నుంచి 92 శాతానికి పెరిగిందని టెర్రీ హ్యూస్ లెక్కగట్టాడు. చేపల్ని విపరీతంగా పట్టేయడం, 1980 నాటి అలెన్ తుఫాను కూడా ఆ పతనంలో భాగమే. అయినా మేసేవి పోతే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

తొట్టిలో ఈ పని టర్బో, ట్రోకస్ నత్తలు, సన్యాసి పీతలు, ర్యాబిట్ చేపలు, టాంగ్ చేపలు చేస్తాయి. చిన్నగా ఉన్న నాచును ఇవి బాగా మేస్తాయి, బారెడు పెరిగినదాన్ని ముట్టవు. కాబట్టి ముందు చేత్తో పీకి తర్వాత వీటికి అప్పగించాలి. డైనోల్ని మేసిన నత్త చస్తుంది. ఎర్రపాచిని ముట్టే జీవులు చాలా తక్కువ. టాంగ్ జాతి చేపలు జానెడు దాటి పెరుగుతాయి, రోజంతా ఈదుతూ ఉంటాయి. ఫ్లాట్ హాలులో పట్టే మూడడుగుల తొట్టిలో నాచు కోసమని వాటిని బంధించడం న్యాయం కాదు.

పోటీ పక్షం, రొయ్యల చెరువుల అనుభవం

పోషకాన్ని తీసేయకుండా, దాన్ని మనకు కావలసిన జీవి ముందుగా తినేలా చూడటం ఈ పక్షం దారి. తొట్టి కింద ఉండే సంప్ అనే రెండో తొట్టిలో కీటోమోర్ఫా నాచును పెంచి కోసేయడం, ఏడీ చూపిన జాలీ పద్ధతి, సీసా బ్యాక్టీరియా, కార్బన్ డోసింగ్ అన్నీ ఇందులోకే వస్తాయి. కార్బన్ డోసింగ్ 2000 తర్వాత తొలి ఏళ్లలో జర్మనీ నుంచి వ్యాపించింది. తొట్టిలో రోజూ కొన్ని చుక్కల వోడ్కా లేదా వెనిగర్ వేస్తారు. ఆ కార్బన్ తిని బ్యాక్టీరియా పెరుగుతుంది, పెరుగుతూ నైట్రేటునూ ఫాస్ఫేటునూ ఒంట్లోకి లాక్కుంటుంది. దాన్ని స్కిమ్మర్ నురగలో బయటికి తీస్తుంది.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. వెనామీ రొయ్య పెంపకానికి 2009లో దేశంలో అనుమతి వచ్చినప్పటి నుంచి భీమవరం, కైకలూరు, నెల్లూరు చుట్టుపక్కల రైతులు చెరువులో బెల్లం, మొలాసిస్, పులియబెట్టిన తవుడు వేస్తున్నారు. కార్బన్, నత్రజని నిష్పత్తి పెంచితే బ్యాక్టీరియా అమ్మోనియాను లాక్కుంటుందని ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరామ్ అవ్నిమెలెక్ 1999లో రాసింది, ఇక్కడి చెరువు గట్టు మీద జరుగుతున్నది ఒకే సూత్రం. రొయ్యకు హాని చేసే విబ్రియో బ్యాక్టీరియా ఎక్కువైందేమోనని రైతు నీళ్ల నమూనా ల్యాబుకు పంపిస్తాడు. అక్కడ టీసీబీఎస్ ప్లేటు మీద పచ్చ కాలనీలెన్ని, పసుపు కాలనీలెన్ని అని లెక్కపెడతారు. పచ్చవి పెరిగితే బాసిల్లస్ ప్రోబయోటిక్ వేసి పోటీ పెంచుతాడు. యాంటీబయోటిక్ అవశేషాలుంటే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. ఆ భయమే రైతును మందు నుంచి పోటీ వైపు నెట్టింది. అక్వేరియం వాళ్లు ఈ రైతుల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. బెల్లం వేసిన రాత్రి వాళ్లు ఏరేటర్ ఆపరు. కార్బన్ వేస్తే బ్యాక్టీరియాతోపాటు ఆక్సిజన్ ఖర్చూ పెరుగుతుందని వాళ్లకు రొయ్యలు పోగొట్టుకుని తెలిసింది.

ఈ పక్షానికి వ్యతిరేకంగా కూడా బలమైన ఆధారాలున్నాయి. నీళ్లలో కరిగిన చక్కెరలు పెరిగితే పగడాల మీద సూక్ష్మజీవులు పది రెట్ల వేగంతో పెరిగి పగడం చచ్చిపోతుందని 2006లో క్లైన్, రోవర్ బృందం చూపించింది. నాచునూ పగడాన్నీ ఒకే నీళ్లలో పక్కపక్కన పెట్టి, మధ్యలో బ్యాక్టీరియా కూడా దూరలేని సన్నటి వడపోత పొర ఉంచినా పగడం చచ్చిపోయిందని అదే ఏడాది జెన్నిఫర్ స్మిత్ బృందం నిరూపించింది. యాంపిసిలిన్ వేస్తే మాత్రం బతికింది. అంటే నాచు వదిలే చక్కెరలు తిని పెరిగిన బ్యాక్టీరియానే అసలు హంతకి. మరి వోడ్కా వేసిన వేలాది తొట్లలో పగడాలు ఎలా బతుకుతున్నాయి? పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కెన్ ఫెల్డ్‌మన్ 2011లో చేసిన కొలతలు ఇక్కడ కొంత దారి చూపిస్తాయి. స్కిమ్మర్ నడిచే తొట్టి నీళ్లలో బ్యాక్టీరియా సహజ దిబ్బ నీళ్లలో ఉండేదాంట్లో పదో వంతే ఉందని ఆయన చూశాడు. స్కిమ్మర్ లేకుండా కార్బన్ డోసింగ్ చేయకూడదన్న మాటకు ఇదే ఆధారం.

డైనోల విషయంలో ఈ పక్షం ఉపాయం వినడానికి విడ్డూరంగా ఉంటుంది, నైట్రేటు, ఫాస్ఫేటు కావాలని వేయడం. ఇసుకలో ఉండే యాంఫిడినియం మీదకు సిలికా వేసి డయాటమ్‌లను ఉసిగొల్పేవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రియాప్సిస్ రాత్రిపూట నీళ్లలోకి లేస్తుంది కాబట్టి యూవీ దీపానికి దొరుకుతుంది. ఇసుక వదలని యాంఫిడినియం మీద యూవీ వృథా ఖర్చు. మైక్రోస్కోపు కింద చూడకుండా ఖరీదైన దీపం కొనేయడం ఎందుకు తప్పో ఇక్కడ తెలుస్తుంది.

మందు పక్షం, మూసీకి చేరే నీళ్లు

ఎర్రపాచికి ఎరిత్రోమైసిన్, బ్రయాప్సిస్‌కు ఫ్లూకోనజోల్. రెండూ పనిచేస్తాయి, త్వరగా పనిచేస్తాయి. ఫ్లూకోనజోల్ ఫంగస్ మందు. కొన్ని రకాల పచ్చనాచు మీద మాత్రమే దాని ప్రభావం ఉంటుంది. చేత్తో పీకీ పీకీ విసిగిపోయిన బ్రయాప్సిస్‌కు అదొక్కటే దారి అనిపించే సందర్భాలుంటాయి. దాన్ని కాదనడం కష్టం.

ఎరిత్రోమైసిన్ సంగతి వేరు. పాచి ఒక్కసారిగా చచ్చి కుళ్లితే ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. అసలు కారణం అలాగే ఉంటుంది కాబట్టి పాచి వారాల్లో తిరిగి రావడం మామూలు. అంతకన్నా పెద్ద అభ్యంతరం హైదరాబాదుది. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని కొలిచింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. 2016లో జర్మనీ నుంచి వచ్చిన మరో బృందం మూసీతో సహా నగరం లోపలా చుట్టూ 28 చోట్ల నమూనాలు తీస్తే, దాదాపు ప్రతి చోటా మందులకు లొంగని బ్యాక్టీరియా దొరికింది.

ఫ్యాక్టరీ వ్యర్థంతో పోలిస్తే ఇంటి తొట్టిలో వేసే మాత్ర చాలా చిన్నది, నిజమే. అయితే తొట్టి అంటే వేల రకాల బ్యాక్టీరియా కిక్కిరిసి ఉన్న వెచ్చటి నీళ్లు. అందులో రోజుల తరబడి తక్కువ మోతాదులో యాంటీబయోటిక్ ఉంచడం, లొంగని రకాల్ని ఏరి పెంచడానికి అనువైన పరిస్థితి. ఆ నీళ్లు బకెట్‌తో బాత్రూంలో పోస్తే మురుగు కాలువ పట్టి చివరికి మూసీకే చేరతాయి. ఎరిత్రోమైసిన్ డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన మందు. నిమ్స్ లాంటి ఆసుపత్రి ఉన్న పేటలో, మందులకు లొంగని ఇన్ఫెక్షన్లతో రోగులు పోరాడే చోట, ఇసుక మీద రంగు నచ్చలేదని దాన్ని నీళ్లలో కలపడం ఈ వ్యాసం దృష్టిలో సమర్థించరానిది. వాడక తప్పదనుకున్నవాళ్లు కనీసం ఏరేటర్ రాత్రింబవళ్లు నడిపి, నీళ్లు మార్చే ముందు కొన్ని రోజులు యాక్టివేటెడ్ కార్బన్‌తో మందును పట్టించాలి.

నగరం నీళ్లు, ఎండ, రాయి

పుస్తకాల్లో ఉన్న సలహాలు చాలావరకు చల్లటి దేశాలవి. ఇక్కడి లెక్క వేరు.

ఈ నగరం 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద ఉంది. బోరు నీళ్లలో సిలికా ఉంటుంది, మురుగు ఇంకిన పేటల్లో నైట్రేటూ ఎక్కువే. తాగునీటికే జాతీయ ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా నైట్రేటును అనుమతిస్తుంది. తొట్టికి అది చాలా ఎక్కువ. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వచ్చే రోజుకూ, ట్యాంకరో బోరో వాడే రోజుకూ నీటి గుణం మారిపోతుంది. వంటింటి ఆర్‌ఓ సిలికాను పూర్తిగా ఆపదు. ఆ తర్వాత డీఅయనైజేషన్ రెజిన్ ఉండాలి. రెజిన్ అయిపోతున్నప్పుడు మొదట జారిపోయేది సిలికానే. అది టీడీఎస్ మీటరుకు సరిగా అందదు, కాబట్టి మీటరు సున్నా చూపిస్తున్నా అద్దం మీద గోధుమ దుమ్ము తిరిగొస్తే రెజిన్ మార్చే వేళ అయిందని అర్థం.

వేసవి ఇంకో భారం. ఫ్యాను కింద ఉన్న తొట్టిలో రోజుకు రెండు లీటర్లు ఆవిరైతే వంద రోజుల్లో రెండు వందల లీటర్ల కొత్త నీళ్లు పోసినట్టు. నీళ్లు ఆవిరవుతాయి, అందులోని సిలికా, ఫాస్ఫేటు తొట్టిలోనే మిగులుతాయి. వారంవారం మార్చే నీటిని జాగ్రత్తగా తయారుచేసి, రోజూ పోసే టాపప్‌కు మాత్రం కుళాయి నీళ్లు వాడేవాళ్ల తొట్టి మే నెలలో పచ్చబడటం ఇందుకే. వేడెక్కిన కొద్దీ ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. 25 డిగ్రీల సముద్రపు నీళ్లు లీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే పట్టుకుంటాయి. కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ కొద్ది తేడానే ప్రాణం మీదకు తెస్తుంది.

మూడోది రాయి. లీ చిన్ ఎంగ్ దగ్గర్నుంచి బెర్లిన్ దాకా అందరూ ఆధారపడ్డది సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ మీద. మన తీరంలో అది కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. దిబ్బలను కాపాడే ఆ నిబంధన అవసరమైనది, సడలించకూడనిది. అందువల్ల చట్టానికి కట్టుబడే పెంపకందారు పొడి రాయితోనో పింగాణీ రాయితోనో మొదలుపెడతాడు. ఆ రాయి శుభ్రంగా ఉంటుంది, ఖాళీగా కూడా ఉంటుంది. ఖాళీ జాగా ముందుగా దొరికేది డైనోలకూ ఎర్రపాచికీ. ఇక్కడి తొట్టి కుదురుకోవడానికి వేరే దేశపు పుస్తకం చెప్పిన మూడు నెలలు చాలకపోవడం పెంపకందారు లోపం కాదు.

పక్కపక్కన పెడితే

డయాటమ్‌లకు నీటి శుద్ధి, ఓపిక సరిపోతాయి. అక్కడ మేత, మందు రెండూ అనవసరం. వెంట్రుక నాచుకు చేత్తో పీకడం, మేసే జీవులు, సంప్‌లో పోటీ నాచు కలిస్తేనే ఫలితం. ఆకలి ఒక్కటే పెడితే ఆలస్యమవుతుంది, పగడాలు నలుగుతాయి. ఎర్రపాచికి గొట్టంతో పీల్చేయడం, నీటి ప్రవాహం పెంచడం, కుళ్లే ఫీడ్ తీసేయడం ముందు. అక్కడ నైట్రేటును సున్నా చేయడం ఎదురుతిరుగుతుంది. డైనోలకు ఆకలి పద్ధతి నిప్పులో నెయ్యి పోసినట్టే. తెల్లబడిన నీళ్లకు గాలి తప్ప వేరే తొందర మందు లేదు. ఖర్చు చూస్తే పోటీ చవక, సమయం ఎక్కువ. మందు చవక, త్వరితం, దాని అసలు ధర కట్టేది బయటివాళ్లు.

తేలనివి

సీసా బ్యాక్టీరియా గొడవ ఇంకా తెగలేదు. అమ్మోనియాను, నైట్రైటును మార్చే బ్యాక్టీరియాకు విత్తులాంటి స్పోరు దశ లేదు. బాసిల్లస్‌కు ఉంది. ఏప్రిల్ ఎండలో కొరియర్ వ్యానులో రెండు రోజులు తిరిగిన సీసాలో మొదటి రకం ఎంత బతికి ఉందో లేబులు చెప్పదు. అక్వేరియంలలో నైట్రైటును మార్చేది పుస్తకాలు చెప్పిన నైట్రోబ్యాక్టర్ కాదని, నైట్రోస్పైరా అని టిమొతీ హోవనెక్ బృందం చెప్పిందే 1998లో. అమ్మోనియాను మార్చే ఆర్కియా జీవిని శాస్త్రవేత్తలు మొదటిసారి వేరుచేసింది 2005లో, సియాటిల్ అక్వేరియం తొట్టి నుంచే. ఏ జీవి పనిచేస్తుందో ఇంత ఆలస్యంగా తెలిసిన రంగంలో, సీసా అమ్మేవాళ్లు ఏ జాతి, ఎంత సంఖ్య, ఏ తేదీ వరకు అన్నది ముద్రించి తీరాలని అడగడం సబబే. రొయ్యల ప్రోబయోటిక్స్ కొనే రైతు అడుగుతున్నదీ అదే.

నత్రజని, ఫాస్ఫరస్ నిష్పత్తి సరిచేస్తే ఎర్రపాచి పోతుందన్న సూత్రం మీద పెంపకందార్లలో నమ్మకం గట్టిగానే ఉంది. నియంత్రిత ప్రయోగాలు మాత్రం ఎక్కువగా చెరువుల్లో జరిగాయి, తొట్లలో తక్కువ.

మందా, పోటీనా అన్న ప్రశ్న ఇప్పుడు సముద్రందాకా పోయింది. ఫ్లోరిడా తీరంలో 2014 నుంచి పగడాల కణజాలాన్ని ఊడదీస్తున్న వ్యాధికి అమోక్సిసిలిన్ కలిపిన ముద్దను పగడాల మీద రాస్తున్నారు. 2023లో స్మిత్సోనియన్ పరిశోధకులు సూడోఆల్టెరోమోనాస్ జాతి బ్యాక్టీరియాను ప్రోబయోటిక్‌గా వాడి అదే వ్యాధిని నెమ్మదింపజేసినట్టు ప్రకటించారు. మందు రాసిన పగడానికి మళ్లీ వ్యాధి సోకుతోంది, మళ్లీ రాయాల్సి వస్తోంది. బ్యాక్టీరియా రక్షణ ఎన్నాళ్లుంటుందన్నది సముద్రంలోనే పరీక్షకు నిలుస్తోంది. ఆ ఫలితాలు తొట్టి పెంపకందార్లకూ, కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువు గట్ల మీద ప్రోబయోటిక్ డ్రమ్ములు కలిపే రైతులకూ నేరుగా పనికొస్తాయి.